23 లక్షల గోల్డెన్ వీసా: జాగా అమ్మే ముందు చూడాల్సిన లెక్క

23 లక్షల రూపాయలు కడితే చాలు, దుబాయ్‌లో జీవితాంతం ఉండొచ్చు. 2025 జూలై మొదట్లో ఈ వార్త దేశమంతా తిరిగింది. ఆస్తి కొనక్కర్లేదు, వ్యాపారం పెట్టక్కర్లేదు, భారతీయులకు ప్రత్యేక స్కీం అన్నారు. పానగల్‌లో రోడ్డు పక్కన కొంచెం జాగా ఉన్న కుటుంబానికి ఇది అందని మొత్తమేమీ కాదు. ఆశ పుట్టడం సహజమే. కానీ జూలై 8న యూఏఈ వీసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీపీ, అలాంటి స్కీమే లేదని, దరఖాస్తులు ప్రభుత్వ మార్గాల్లోనే తీసుకుంటామని తేల్చేసింది.

మరి అసలు గోల్డెన్ వీసా సంగతేంటి? ఆస్తి మీద తీసుకోవాలంటే దాని విలువ కనీసం 20 లక్షల దిర్హాములుండాలి. మన లెక్కలో నాలుగున్నర కోట్ల పైమాటే. అది కూడా జీవితాంతం కాదు. పదేళ్లకు ఇస్తారు, అర్హత నిలిస్తే రెన్యువల్ చేస్తారు. భార్యకు, ఏ వయసు పిల్లలకైనా స్పాన్సర్ చేయొచ్చు. అదే దాని పెద్ద లాభం.

మామూలు ఉద్యోగికి లెక్క వేరు. యూఏఈలో భార్యాపిల్లల్ని పిలిపించుకోవాలంటే జీతం 4,000 దిర్హాములుండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లివ్వాలి. ఉద్యోగం పోతే ఆయన వీసాతోపాటు ఇంట్లోవాళ్ల వీసాలూ పోయినట్టే.

సౌదీలో ఇంకో భారం ఉంది. కుటుంబంలో ఒక్కో మనిషికి నెలకు కట్టే ఫీజు 2017లో 100 రియాళ్లతో మొదలై, 2020కల్లా 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలంటే ఏడాదికి 14,400 రియాళ్లు. మూడు లక్షల రూపాయలకు పైనే. 2019లో తెచ్చిన ప్రీమియం ఇకామా శాశ్వతంగా కావాలంటే 8 లక్షల రియాళ్లు కట్టాలి. అంత కట్టినా అది నివాసమే, పౌరసత్వం కాదు.

కాబట్టి ఏజెంటును మూడే మాటలు అడగండి. ఈ వీసా ఎవరి పేరు మీద, దేని మీద నిలబడి ఉంది? ఎన్నేళ్లు? అది పోతే భార్యాబిడ్డల సంగతేంటి? ఆజాద్ వీసా అంటే అసలు నమ్మొద్దు. చట్టంలో అలాంటి రకమే లేదు. కఫీల్ దగ్గర కాకుండా, అనుమతి లేకుండా బయట పనిచేస్తే పట్టుబడేది మనమే.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈమైగ్రేట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కూడా అక్కడే చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోగలిగే ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకన్నా ఎక్కువ అడిగితే రసీదు అడగండి. ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి. విజిట్ వీసా మీద పనికి పంపిస్తామంటే, 275 రూపాయలకు రెండేళ్లపాటు దొరికే 10 లక్షల ప్రవాసీ బీమా కూడా చేతికి రానట్టే.

జాగా ఒకసారే అమ్ముడుపోతుంది. వీసాకు మాత్రం ప్రతిసారీ గడువు ఉంటుంది.