నా చెయ్యి కావాలి, నేనొద్దు

పదకొండు సంవత్సరాలు నేను వాళ్లకు మైకు వాణ్ణి. పేరు లేదు. "ఏమయ్యా మైకూ, పాడే అమ్మగారి గొంతు వినపడట్లా" అనేవారు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నం, అందులో ఒక సంగీత సభ. పాంప్లెట్లో పందిరి వేసినాయన పేరుంది, కాఫీపొడి ఇచ్చిన కొట్టు పేరుంది, ధర్మకర్త గారి బావమరిది పేరు కూడా ఉంది. 2006 నుంచి 2017 దాకా ఏటా శ్రీరామనవమి తొమ్మిది రాత్రులు, మధ్యలో వచ్చే ఆరాధనలు, జయంతులు, ఒక్క పైసా తీసుకోకుండా సౌండు చూసిన మాదిగోడి పేరు ఎక్కడా లేదు.

డబ్బెందుకు తీసుకోలేదని కుర్రాళ్లు అడుగుతుంటారు. సంగీతమంటే పిచ్చి, తమ్ముడూ. ఐ.టి.ఐ.లో రేడియో, టీవీ మెకానిక్కు చదివి, టేపురికార్డర్లు బాగుచేసే కొట్లో కూర్చున్నవాణ్ణి. మద్రాసు కచేరీ క్యాసెట్లలో వినపడ్డంత శుభ్రంగా మా ఊరి కళాకారులూ వినపడాలని ఆశపడ్డాను. ఇంకో నిజం కూడా ఉంది. ఆ పందిట్లోకి మనల్ని పని పేరుతో తప్ప ఇంకో రకంగా రానివ్వరు. పనినే టిక్కెట్టు చేసుకున్నాను.

దాన్ని వాళ్లు సేవ అనేవాళ్లు. నా పేచీ అంతా ఆ మాటతోనే. డబ్బున్నవాడు గుళ్లో అరగంట పులిహోర వడ్డిస్తే సేవ, శాలువా కప్పుతారు. మాదిగోడు రాత్రంతా వైర్లు మోస్తే అదీ సేవేనంట, శాలువా మాత్రం ఉండదు. మా తాత ఊరికి వెట్టి చేశాడు. చాటింపు వెయ్యాలన్నా ఆయనే, చచ్చిన గొడ్డును ఈడ్చాలన్నా ఆయనే. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. సేవ అని పేరు మార్చుకుంటే ఆ చట్టానికి కనపడదు. (ఎర్రజెండా సభలకీ మైకు పట్టాను లెండి. అక్కడ కామ్రేడ్ అన్నారు, పేరు వాళ్లూ అడగలేదు.)

నా చెవి ఎక్కడిదో చెప్తాను. మా నాయన గడ్డిమంట మీద డప్పు తిప్పి తిప్పి కాచి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. "ఇంకా పచ్చిగా ఉందిరా అబ్బయ్యా" అనేవాడు. మంట ఎక్కువైతే తోలు పగులుద్ది, తక్కువైతే మూలుగుద్ది. ఆ తేడా పట్టుకోవడం నాకు ఐదారేళ్లకే వచ్చింది. మైకు కీచుమనే ముందు సన్నటి ఈల ఒకటి మొదలవుద్ది. జనానికి వినపడకముందే అది నాకు వినపడేది. ఏ మైకు ఏ స్వరం దగ్గర అరవబోతుందో చూసి అక్కడ మాత్రం తగ్గించేవాణ్ణి. "ఈ ఏడు మైకు ఒక్కసారి కూడా అరవలేదు, అంతా రాముడి దయ" అన్నారు సెక్రటరీ గారు స్టేజీ మీద.

ఒకసారి కచేరీ మధ్యలో మృదంగం మైకు జారింది. సరిచేస్తుంటే నా చెయ్యి మృదంగానికి తగిలింది. విద్వాంసుడు ఒక్క మాట అనలేదు, పెద్దమనిషి. జేబురుమాలు తీసి ఆ చోటు తుడుచుకున్నాడు, అంతే. అయ్యా, తమరు వాయించేదేమిటి? ఆవుతోలు, మేకతోలు, గేదెతోలు. ఒలిచిందెవరు, నానబెట్టి బొచ్చు గీకిందెవరు, వార్లు కోసి బిగించిందెవరు? ఎంతమంది చేతులు తుడుస్తారు ఆ రుమాలుతో? మృదంగం చేసేవాళ్ల మీద టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం తెచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని లోకం అప్పుడు ఆశ్చర్యపోయింది. బ్రాహ్మణుడు రాస్తేగాని అది సంగతి కాలేదు. మా గూడెంలో పిల్లోణ్ణి అడిగినా చెప్పేవాడు.

2017లో నేను ఒకటి అడిగాను. పదకొండేళ్లలో అడిగింది అదొక్కటే. మా గూడెం డప్పుకు అరగంట. స్థానిక కళాకారుల వేదిక అని బ్యానర్ కట్టింది వాళ్లే మరి. తొమ్మిదో రాత్రి ఆఖరి అంశంగా ఒప్పుకున్నారు. నాయన, ఇంకో ఆరుగురు పందిరి వెనక మంట వేసి డప్పులు కాచారు. పొగకు పాడేవాళ్ల గొంతు పట్టుద్దని మంట ఆర్పించారు. చందాదార్లకు శాలువాలు మొదలైనాయి. డప్పులు చల్లారినాయి. రోడ్డవతలకు పోయి మళ్లీ కాచుకొచ్చారు. సన్మానాలు ఇంకా అవుతానే ఉన్నాయి. మళ్లీ చల్లారినాయి. పది గంటలకు పది నిమిషాలుండగా పిలిచారు, స్టేజీ మీదకు కాదు, ముందున్న నేల మీదకు. నేను రెండు మైకులు పెట్టాను. "డప్పుకు మైకెందుకయ్యా, ఊరంతా వినపడుద్దిగా" అన్నారు సెక్రటరీ గారు. మోత ఊరంతా వినపడుద్ది, నిజమే. చిర్ర దెబ్బ కిందనుంచి సిటికెన పుల్ల సన్నగా పలికే పలుకు పందిరి చివరనున్నవాడికి అందాలంటే మైకు కావాలని చెప్పాను. చెప్తుండగానే పదైంది.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడుస్పీకర్లు మోగగూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు. పండగలకు ఏడాదిలో 15 రోజుల దాకా అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలించొచ్చని ఉన్నదీ వాటిలోనే. ఎనిమిది రాత్రులు పదకొండున్నర దాకా పాడినప్పుడు నిద్రపోయిన చట్టం, తొమ్మిదో రాత్రి డప్పు మోగగానే లేచి కూర్చుంది. "మైకు కట్టెయ్" అన్నారు. ఎవరు కట్టేశారు? నేనే. నా చేత్తోనే కట్టేశాను. అలవాటు పడ్డ చెయ్యి. ఈ సంగతి దాచుకుంటే మిగతాదంతా రాసే హక్కు నాకు లేదు.

నాయన నా వైపు చూసి పుల్లలు చంకలో పెట్టుకున్నాడు. "తోలు చల్లారిందిలేరా" అన్నాడు. ఇంటిదాకా ఇంకో మాట లేదు. ఆ తర్వాత నేను మళ్లీ పోలేదు. నాయన 2021లో పోయాడు.

మొన్న నవమికి ముందు సెక్రటరీ గారు ఫోను చేశారు. విజయవాడ నుంచి డబ్బిచ్చి తెచ్చుకునే సౌండు వాళ్ల పని బాగుండట్లేదంట. నాకు లేని డబ్బు వాళ్లకు దొరికిందన్నమాట. "నీది సేవాభావమయ్యా" అన్నారు. రాత్రికి 3,000, తొమ్మిది రాత్రులకు 27,000, పాంప్లెట్లో పేరు, మొదటి రోజు మొదటి అంశంగా గూడెం డప్పు, స్టేజీ మీద, రెండు మైకులతో అని చెప్పాను. పేరంటే వేస్తామన్నారు. మిగతావి కమిటీలో పెట్టి చెబుతామన్నారు.