ముందు ఎవరి మీద?

పోయిన నెల మేడ్చల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదివే అమ్మాయి నా అరచేతిలో ఒక మెత్తటి ముద్ద పెట్టింది. చూడటానికి జున్నుముక్కలా ఉంది. జెలటిన్, నీళ్లు, నూనె, కాస్త సబ్బుద్రవం కలిపి గడ్డకట్టించిన రొమ్ము నమూనా అది. లోపల గోళీకాయంత ఇంకో ముద్ద, క్యాన్సర్ గడ్డకు బదులుగా పెట్టింది. మైక్రోవేవ్ తరంగాలతో రొమ్ములో గడ్డను కనిపెట్టే యంత్రాలను మనుషుల దగ్గరకు తేకముందు ఇలాంటి వాటి మీదే పరీక్షిస్తారు.

తర్వాతి వారం శామీర్‌పేట మీటింగులో ఈ సంగతి చెప్పాను. మందుల కంపెనీలో ఊడ్చే పని చేసే ఒకామె, "మంచిదే గదా అక్కా, ఆ ముద్ద మీద అయినంక ఎవరి మీద చేస్తరు?" అంది.

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద స్త్రీలను హైదరాబాదు తీసుకొచ్చి రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షలకు వాడారని బయటపడింది. కొద్ది వేల రూపాయల కోసం వచ్చిన వాళ్లు వాళ్లు. ముందు మన ఒంటి మీద, తర్వాత మందు అంగట్లో.

అందుకే ఈ జెలటిన్ ముద్దను నేను స్వాగతిస్తున్నాను. యంత్రం తప్పులన్నీ దాని మీద చేసుకోనివ్వండి. అయితే ఆ ముద్ద ఎవరి రొమ్ముకు నమూనా అన్నది కూడా అడగాలి.

కొవ్వులో నీరు తక్కువ, గడ్డలో ఎక్కువ. ఆ తేడా వల్లే తరంగాలు గడ్డ దగ్గర వేరుగా చెదురుతాయి. అమెరికాలోని విస్కాన్సిన్, కెనడాలోని కాల్గరీ పరిశోధకులు శస్త్రచికిత్సల్లో తీసిన కణజాలాన్ని కొలిచి 2007లో ప్రకటించిన ఫలితాలు చూడండి. కొవ్వుకూ గడ్డకూ తేడా పది రెట్ల దాకా ఉంది. పాలగ్రంథుల కణజాలానికీ గడ్డకూ మాత్రం సుమారు 10 శాతమే. వయసులో ఉన్నవాళ్ల రొమ్ములో గ్రంథులే ఎక్కువ. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే దాదాపు పదేళ్లు ముందే వస్తోంది. కొవ్వు ముద్ద మీద నెగ్గిన యంత్రం నలభై ఏళ్ల మన ఆడమనిషి దగ్గర ఓడిపోవచ్చు. గడ్డ లేదని ఇంటికి పంపేస్తే ఆ తప్పు ఎవరి ఖాతాలో రాస్తారు?

ఆ అమ్మాయిని అడిగాను. కొవ్వు నమూనా ఒకే పొరగా పోసుకోవచ్చు, గ్రంథులు అల్లుకున్నట్టు చేయాలంటే చాలా కష్టం, ప్రాజెక్టు గడువు సరిపోదు అంది. అబద్ధం చెప్పనందుకు నాకు ఆమె నచ్చింది. కష్టమైన నమూనా చేయడానికి గడువూ డబ్బూ ఇవ్వాల్సింది కాలేజీలు, నిధులిచ్చే సంస్థలు. మన స్త్రీల కణజాలం కొలవాలన్నా కొలవండి, కాని ఆపరేషన్‌కు ముందు తెలుగులో చెప్పి, వద్దనే హక్కు ఉందని కూడా చెప్పి అడగండి.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, అమెరికాలోని డార్ట్‌మత్‌లో ఇలాంటి యంత్రాలను ఇప్పటికే స్త్రీల మీద పరీక్షించారు. మామోగ్రామ్ స్థానంలో వాడే దశ ఇంకా రాలేదు. ఇక్కడా ఏదో ఒకరోజు మనుషుల మీద పరీక్ష తప్పదు. అప్పుడు నమూనాల మీద వచ్చిన ఫలితాలు, ముఖ్యంగా యంత్రం పట్టలేకపోయిన గడ్డల లెక్క, సంతకం పెట్టే స్త్రీకి ముందే చెప్పాలి.

వచ్చే మీటింగుకు ఆ అమ్మాయిని పిలిచాం. ముద్దను కూడా తెమ్మన్నాం. ఊడ్చే పని చేసే ఆమె దాన్ని తన చేత్తో పట్టుకుని చూస్తానంటోంది.