విధేయతే రోగికి రక్షణ అన్న వాదంపై ఖండన

నర్సింగ్ విద్యార్థికి వార్డులో అడుగుపెట్టిన కొత్తలోనే ఒక సూత్రం నూరిపోస్తారు. రోగమేదో తేల్చేదీ మందు రాసేదీ డాక్టరు. రాసినదాన్ని రాసినట్టు, రాసిన వేళకు అందించేది నర్సు. నర్సు తన ఆలోచన కలిపిన చోటే పొరపాటు మొదలవుతుంది కనుక, చెప్పింది చెప్పినట్టు చేసే నర్సు చేతిలోనే రోగి క్షేమంగా ఉంటాడన్నది ఆ సూత్రం. ఆసుపత్రి యాజమాన్యాలకూ, రోగి బంధువులకూ, అధ్యాపకుల్లో చాలామందికీ ఇది ఒక వాదంగా కూడా తోచదు, లోకరీతిగా తోస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు అన్న పేరు మార్చి నర్సింగ్ ఆఫీసర్ అన్నారు గానీ, ఆ ఆఫీసరు ఏ విషయంలో ఆఫీసరో ఎవరూ అడగలేదు. ఈ సూత్రం నర్సు నిజంగా చేసే పనిని వర్ణించడంలో విఫలమైంది. అంతకంటే ముఖ్యంగా, రోగిని కాపాడుతున్నానని చెప్పుకునే చోటనే అతణ్ణి ప్రమాదంలోకి నెడుతున్నది.

నిర్ణయమంటే మందు రాయడమేనని అనుకోవడంలో మొదటి పొరపాటు ఉంది. రౌండ్స్ ముగించుకుని డాక్టరు వెళ్లిపోయాక, ముప్పై మంచాల వార్డులో ఏ మంచం దగ్గరికి ముందు వెళ్లాలి, అర్ధరాత్రి రోగి అటూ ఇటూ కదులుతూ దుప్పటి తోసేస్తుంటే అది నొప్పి వల్లనా లేక ఒంట్లో ఆక్సిజన్ తగ్గడం వల్లనా, డ్యూటీ డాక్టరును ఇప్పుడే లేపాలా లేక అరగంట చూడాలా అన్నవన్నీ ఎవరూ రాసివ్వని ప్రశ్నలు, అయినా ప్రతి రాత్రీ ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు. నర్సింగ్ శాస్త్రం దీన్నే క్లినికల్ జడ్జిమెంట్ అంటుంది. అంటే రోగి మంచం పక్కన, అరకొర సమాచారంతో, కాలం గడిచిపోతుండగా చేసే వివేచన అని అర్థం. క్రిస్టీన్ టానర్ అనే అమెరికన్ నర్సింగ్ ఆచార్యురాలు 2006లో దీన్ని గమనించడం, అర్థం చెప్పుకోవడం, స్పందించడం, జరిగినదాన్ని మళ్లీ తరచి చూడడం అని నాలుగు దశలుగా విడదీశారు. వీటిలో మూడో దశ ఒక్కటే నర్సుదనీ, మొదటి రెండూ డాక్టరువనీ విధేయతా సూత్రం భావిస్తుంది. అయితే మంచం పక్కన గమనించే మనిషి ఒకచోట, అర్థం చెప్పే మనిషి మరోచోట ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య జారిపోయేది రోగి ప్రాణమే.

ఇది ఎలా జారుతుందో చూడాలంటే కేస్ షీట్‌లోని వైటల్స్ పట్టికను చూస్తే చాలు. నాడి, రక్తపోటు, జ్వరం ఒక్కో రోగికి ఒక్కో రకంగా ఉంటాయి. శ్వాస గడిలో మాత్రం చాలా వార్డుల్లో పై నుంచి కింది దాకా 20, 20, 20 అనే ఉంటుంది. వాచీ చూస్తూ పూర్తి నిమిషం పాటు ఛాతీ ఎగిసిపడడాన్ని లెక్కపెట్టిన అంకె అది కాదన్న సంగతి రాసినవారికీ తెలుసు, చదివేవారికీ తెలుసు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించి 2017లో సవరించిన నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్ అనే పద్ధతి, రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందుగా పసిగట్టేందుకు శరీర కొలతలకు మార్కులు వేస్తుంది. అందులో నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలకు సున్నా, 21 నుంచి 24 వరకు రెండు, 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మూడు మార్కులు. ఏ ఒక్క కొలతలో మూడు వచ్చినా డాక్టరు వచ్చి చూడాలి. నిజానికి 26 ఉన్న రోగికి అలవాటుగా 20 అని రాసిన విద్యార్థి ఆ మూడు మార్కులను సున్నా చేసింది. విచిత్రమేమంటే ఆమె ఆజ్ఞను అక్షరాలా పాటించింది: నాలుగు గంటలకోసారి వైటల్స్ రాయమన్నారు, రాసింది. గడి నిండింది గనుక పని పూర్తయిందనే బుద్ధిని నేర్పినది సోమరితనం ఎంతమాత్రం కాదు, ఆ చదువే.

మందుల విషయంలో ఇదే బుద్ధి ఇంకో రూపం తీసుకుంటుంది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అన్న అయిదు సూత్రాలను విద్యార్థులు కంఠస్థం చేస్తారు. అవి తప్పని ఎవరూ అనరు. కానీ అవి చేరవలసిన ఊరి పేరు చెబుతాయే తప్ప దారి చెప్పవు. ఇన్సులిన్ మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్నదీ, 100 యూనిట్లు ఉన్నదీ రెండూ వాడుకలో ఉన్నాయి. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూత సిరంజి. కేస్ షీట్‌లో 20 యూనిట్లని స్పష్టంగా రాసి ఉంది, రాసినదాంట్లో లోపం లేదు. ఆ పూట ట్రేలో ఎర్రమూత సిరంజిలే మిగిలి, ఫ్రిజ్‌లో ఉన్నది 100 యూనిట్ల వయల్ అయితే, 20 గీత దాకా లాగిన సిరంజిలో ఉండేది 50 యూనిట్లు. అదే తారుమారైతే 8 యూనిట్లే. రోగి సరైనవాడే, మందు ఇన్సులినే, మార్గమూ వేళా సరైనవే, మోతాదు కూడా గీత ప్రకారం సరిపోయింది. ఈ తప్పును పట్టుకోవలసింది వయల్‌ను వెలుగులో తిప్పి లేబుల్ చదివి, సిరంజితో పోల్చి, ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవని నిర్ణయించే మనిషి.

విధేయతను సమర్థించేవారు మరో మాట అంటారు: చదువుకున్న నర్సు ఎటూ ప్రమాదకరమైన ఆదేశాన్ని పాటించదు, ఆ మాత్రం ఇంగితం అందరికీ ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదని. అమెరికన్ మనోరోగ వైద్యుడు చార్లెస్ హాఫ్లింగ్ తన సహచరులతో కలిసి 1966లో ప్రచురించిన ప్రయోగం ఈ నమ్మకాన్ని పరీక్షించింది. వార్డులో ఒంటరిగా ఉన్న నర్సుకు ముఖపరిచయం లేని ఒక డాక్టరు ఫోను చేసి, ఒక రోగికి ఆస్ట్రోటెన్ అనే మందు 20 మిల్లీగ్రాములు ఇమ్మంటాడు. డబ్బా మీద రోజుకు 10 మిల్లీగ్రాములు మించరాదని రాసి ఉంటుంది. ఫోను మీద ఆదేశాలు తీసుకోరాదన్నది ఆసుపత్రి నియమం. మందు నిజానికి హానిలేని ఉత్తుత్తి గుళిక. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయలుదేరగా దారిలో ఆపవలసి వచ్చింది. ఇదే సన్నివేశాన్ని కాగితం మీద పెట్టి 21 మంది నర్సింగ్ విద్యార్థులను అడిగితే, ఇవ్వబోమని అందరూ చెప్పారు. పరీక్ష పేపర్లో సరైన జవాబు రాసేవారు వార్డులో ఫోను మోగగానే ఏం చేస్తారో ఈ రెండు అంకెలు పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి.

ఇక్కడితో ఆగి నర్సులు స్వభావరీత్యా విధేయులని తేల్చేవారూ ఉన్నారు. వారు 1977 నాటి ర్యాంక్, జేకబ్సన్‌ల అధ్యయనాన్ని దాటవేస్తారు. అందులో మందు నర్సులకు బాగా తెలిసిన వేలియం, మోతాదు మామూలుకు మూడు రెట్లు, ఫోను చేసింది తెలిసిన డాక్టరే; పైగా నర్సులకు పక్కవారిని సంప్రదించే వీలుంది. 18 మందిలో ఇద్దరే అడగకుండా ఇవ్వబోయారు. ఆ మందు గురించి తెలిసి ఉండడం, సందేహాన్ని పైకి అనేందుకు పక్కన ఒక మనిషి ఉండడం అన్న రెండింటితో ఫలితం తలకిందులైంది. కనుక విధేయత నర్సు స్వభావం కాదు, తయారుచేసిన గుణం. తయారుచేసింది ఏదైనా మార్చదగినదే.

తెలిసి ఉండడం ఒక్కటే చాలదనేందుకు 2005లో ఇంగ్లండులో జరిగిన ఉదంతం నిదర్శనం. చిన్న ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు శ్వాసనాళంలో గొట్టం వేయడం సాధ్యపడలేదు. అనుభవజ్ఞులైన డాక్టర్లు మళ్లీ మళ్లీ అదే ప్రయత్నంలో మునిగి కాలాన్ని మరిచిపోయారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి గాలి అందించే పరికరాల సెట్టు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. మరో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించి వచ్చి ఆ మాట చెబితే, అంత హడావిడి ఎందుకన్నట్టు చూశారు. ఆమె వెళ్లి ఆ మంచాన్ని రద్దు చేసింది. కొన్ని రోజుల తర్వాత రోగి మరణించింది. ఏం చేయాలో ఆ గదిలో కొందరికి తెలుసు. ఆ తెలివిని పెద్దల చెవిన పడేటట్టు, రెండోసారి కూడా, చెప్పే విద్య వారికి ఎవరూ నేర్పలేదు. ఆ రోగి భర్త విమాన పైలట్; కాక్‌పిట్‌లో కో-పైలట్‌కు కెప్టెన్‌ను ఆపే హక్కును వృత్తిశిక్షణగా నేర్పుతారని తెలిసినవాడు కనుక, ఆయన తర్వాతి కాలంలో ఆసుపత్రుల్లో ఈ మార్పు కోసం పనిచేశారు.

ఈ విద్య ఎలా ఉంటుందో ఒక ఫోను సంభాషణలో చూడవచ్చు. “సర్, పన్నెండో బెడ్ పేషెంటు అదోలా ఉన్నారండి” అంటే అవతల నుంచి “చూద్దాంలే సిస్టర్” అన్న జవాబు వస్తుంది, అందులో డాక్టరు తప్పు కూడా పెద్దగా లేదు. పరిస్థితి, పూర్వాపరాలు, అంచనా, సూచన అన్న నాలుగు భాగాల ఎస్‌బార్ పద్ధతిలో అదే కబురు ఇలా మారుతుంది: “సర్, పన్నెండో బెడ్, నిన్న పొట్ట ఆపరేషన్ అయినాయన. శ్వాస 28, పల్స్ 124, పై బీపీ 90. లోపల రక్తం పోతోందేమోనని అనుమానంగా ఉంది. మీరు ఇప్పుడే రావాలండి.” చివరి రెండు వాక్యాల దగ్గరే మన విద్యార్థుల నాలుక తడబడుతుంది, ఎందుకంటే అంచనా వేయడం, రమ్మనడం తమ హద్దు దాటడమని వారికి నేర్పారు.

నర్సు నిర్ణయిస్తే డాక్టరు పని తలకెత్తుకున్నట్టేనన్న ఆక్షేపణకు జవాబు ఇందులోనే ఉంది. రోగనిర్ధారణ చేసి మందు రాసే అధికారాన్ని ఇక్కడ ఎవరూ కోరడం లేదు. ఆపడం, అడగడం, పిలవడం అన్నవి వేరే నిర్ణయాలు, అవి ఇప్పటికే నర్సువి. శిక్షణ తొలిదశలో ఉన్నవారికి నియమాలే దిక్కన్న ఆక్షేపణ కొంత బలమైనదే. 1984లో ప్యాట్రీషియా బెనర్ నర్సు నైపుణ్యాన్ని అయిదు మెట్లుగా వివరిస్తూ, మొదటి మెట్టున ఉన్నవారు నియమాల ఆసరాతోనే నడుస్తారన్నారు. అయితే సందేహం వస్తే ఆపి అడుగు అన్నది కూడా నియమమే, దాన్ని మొదటి రోజునే నేర్పవచ్చు. మన కళాశాలల్లో దీపం వెలిగించి ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట ప్రమాణం చేయిస్తారు. ఆమె 1859 నాటి పుస్తకం రోగిని పరిశీలించడానికి ఒక అధ్యాయమే కేటాయించిందన్నది ఆ వేడుకలో ఎవరికీ గుర్తుకు రాదు.

ఇక ఆలోచించు, నిర్ణయించు అని నర్సుకు ఉపదేశించి, ఒంటరిగా ముప్పై మందిని అప్పగించడం విధేయతా సూత్రం కంటే పెద్ద మోసం. లిండా ఐకెన్ బృందం అమెరికాలోని ఆసుపత్రులపై 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సుకు అప్పగించిన రోగుల సంఖ్యలో ఒక్కరు పెరిగినా, శస్త్రచికిత్స జరిగిన రోగులు 30 రోజుల్లోపు మరణించే సంభావ్యత 7 శాతం పెరుగుతున్నట్టు కనిపించింది. నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టాలంటే ఆ నిమిషం ఉండాలి. బాధ్యత మాత్రం నర్సుకిచ్చి సమయం ఇవ్వని యాజమాన్యాలు ఈ వ్యాస వాదాన్ని తమకు అనుకూలంగా వాడుకోజాలవు.

డిజాక్సిన్ అనే గుండె మందు పాఠం ప్రతి విద్యార్థీ చదివిందే. ఇచ్చే ముందు స్టెతస్కోపు గుండె కొన మీద పెట్టి పూర్తి నిమిషం లెక్కించాలి, పెద్దవారిలో 60 కంటే తగ్గితే మోతాదు ఆపి డాక్టరుకు తెలపాలి. విధేయత నేర్పే పాఠ్యపుస్తకంలోనే ఈ వాక్యం దశాబ్దాలుగా ఉంది. ఆ విద్యార్థి రికార్డు పుస్తకంలో వేసిన ఇంజెక్షన్లు, కట్టిన కట్లు, పెట్టిన క్యాథెటర్లు ఎన్నో లెక్క రాసి సంతకం తీసుకునే గడులు ఉంటాయి. ఒక ఉదయం గుండె 52 సార్లే కొట్టుకుంటున్నదని విని మాత్రను తిరిగి ట్రేలో పెట్టేసిన విద్యార్థి ఆ పని రాయడానికి, దానికి సంతకం తీసుకోవడానికి ఆ పుస్తకంలో గడి లేదు.