తలుపులు సరే, చోటు ఏది?

2025 జూన్ 9న ముంబయి శివారులోని ముంబ్రా దగ్గర మలుపులో రెండు లోకల్ రైళ్లు ఎదురెదురుగా దాటుతున్నప్పుడు, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ప్రయాణికులు పట్టాలపై పడిపోయారు. ఆ రోజే నలుగురు చనిపోయారు. ఇకపై వచ్చే లోకళ్లన్నింటికీ వాటంతటవే మూసుకునే తలుపులు ఉంటాయని రైల్వే శాఖ వెంటనే ప్రకటించింది. తలుపులు రావలసిందే. అయితే జనం గుమ్మంలో వేలాడేది లోపల చోటు లేకే. ఆ చోటు చూపకుండా తలుపులు మూస్తే ప్రమాదం బోగీ అంచు నుంచి ప్లాట్‌ఫారం అంచుకు మారుతుంది.

దేశంలో మొదటి కరెంటు రైలు నడిచింది ఈ ఊళ్లోనే, 1925 ఫిబ్రవరి 3న, విక్టోరియా టెర్మినస్ (నేటి సీఎస్‌ఎంటీ) నుంచి కుర్లాకు. చప్పున వేగం అందుకోవడం, చప్పున ఆగడం, చివరి స్టేషన్లో ఇంజన్ మార్చే పని లేకుండా వెనక్కి బయల్దేరడం కరెంటు బండికి సాధ్యం. అందువల్లే నేడు రద్దీ వేళల్లో మూడు నాలుగు నిమిషాలకొక బండి నడుస్తోంది. రోజుకు మూడు వేలకు పైగా సర్వీసులు, 70 లక్షలకు పైగా ప్రయాణాలు. ఈ లెక్కంతా స్టేషన్లో బండి ఆగే కొద్ది సెకన్ల మీద నిలబడి ఉంది. దాదర్ స్టేషన్లో బండి పూర్తిగా ఆగకముందే దిగేవాళ్లు దూకేస్తారు, కదిలాక కూడా ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. తెరిచి ఉన్న గుమ్మం ప్రాణాలు తీస్తోంది, సమయాన్ని మిగులుస్తోంది కూడా. తలుపులుంటే చివరి తలుపు పడేదాకా బండి కదలదు. ఒక సంచి అడ్డం పడినా ఆగాల్సిందే. 2017 డిసెంబరు 25న తలుపులు వాటంతటవే మూసుకునే ఏసీ లోకల్ మొదలైనప్పటి నుంచి ఇది తెలిసిన ఇబ్బందే. మూడు నిమిషాల ఎడంలో అర నిమిషం పోతే ఆ ఆలస్యం వెనక బండ్లన్నింటికీ పాకుతుంది. గంటకు రెండు బండ్లు తగ్గినా వేల మంది ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోతారు.

మనుషుల ప్రాణాల కంటే ఆలస్యం ముఖ్యమా అని ఎవరైనా అడగవచ్చు. కాదు, అందుకే తలుపులతో పాటు మిగతా పని కూడా అడగాలి. ఏటా ఈ పట్టాల మీద పోతున్న రెండు వేలకు పైగా ప్రాణాల్లో మిగతా ఏ కారణం కంటే ఎక్కువ పట్టాలు దాటుతూ పోయినవి. వాళ్లకు కావలసింది పాదచారుల వంతెనలు, కంచెలు. ఏసీ బండ్లు పెంచితే చాలునన్న వాదనా నిలవదు. సెకండ్ క్లాసు కనీస టికెట్ 5 రూపాయలైతే ఏసీలో 35. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ కూలీలూ అంత పెట్టలేరు. గాలి ఆడేలా కట్టిన నాన్ ఏసీ బోగీలకు తలుపులు పెట్టాలన్న ఆలోచన ఆ దృష్టితో మంచిదే.

మెట్రో లైన్లు వస్తున్నాయి కదా అనేవారూ ఉన్నారు. శివారులోని కల్యాణ్ వైపు నుంచి రోజూ వచ్చే జనానికి ఇప్పటికీ లోకలే దిక్కు. ఆ దారిలో థాణే–దివా మధ్య 5, 6 లైన్లు 2022లో అందుబాటులోకి వచ్చినా, కుర్లా నుంచి సీఎస్‌ఎంటీ వైపు పని ఏళ్లుగా సాగుతూనే ఉంది. దూరప్రాంత రైళ్లకు వేరే దారి లేనంతకాలం లోకల్ వాటి వెనక ఆగాల్సిందే. ఈలోగా 12 బోగీల బండిని 15 బోగీలకు పెంచితే, సిగ్నళ్ల మధ్య అదనపు బండి దూర్చనవసరం లేకుండానే పావు వంతు చోటు పెరుగుతుంది. దానికి ప్లాట్‌ఫారాలు పొడిగించాలి. తలుపుల బండి మొదటి రోజు కల్యాణ్ చేరే ముందే ఆ పొడిగింపు పూర్తి కావాలి.