హాబ్సన్ గుర్రం

మా అన్నయ్య కూతురు అమెరికా యూనివర్సిటీకి పంపాల్సిన ఇంగ్లిషు వ్యాసం నాకు వాట్సాప్‌లో పెట్టింది. ‘తప్పులుంటే దిద్దు బాబాయ్’ అని. బాగానే రాసింది. రెండో పేరాలో మాత్రం కాలికి రాయి తగిలింది. చేస్తున్న ఉద్యోగం మానాలా, చదువు ఆశ మానుకోవాలా తేలక తాను ‘హాబ్సన్స్ చాయిస్’లో పడ్డానంది.

హాబ్సన్ కథల్లో మనిషి కాడు. 1544 ప్రాంతంలో పుట్టి 1631లో పోయాడు. కేంబ్రిడ్జి, లండన్ల మధ్య బండి మీద సరుకులూ ఉత్తరాలూ చేరవేసేవాడు. పనిలో పనిగా గుర్రాలు అద్దెకిచ్చేవాడు. శాలలో నలభై దాకా ఉండేవట. తీసుకెళ్లేది ఎక్కువగా యూనివర్సిటీ కుర్రాళ్లు. అద్దె బైకు దొరికితే మనవాళ్లు ఎలా తోలతారో వాళ్లూ అంతే. పైగా అందరికీ ఆ జోరైన గుర్రమే కావాలి. అది నురగలు కక్కుతూ తిరిగొస్తుంటే చూడలేక ముసలాయన ఒక రూలు పెట్టాడు: గుమ్మం పక్కన ఏది ఉంటే అదే ఎక్కు, లేదంటే నడిచిపో. తిరిగొచ్చిన గుర్రం వరస చివరికి పోతుంది, దాని వంతు మళ్లీ వచ్చేదాకా విశ్రాంతి. ఆయన పోయినప్పుడు, అక్కడే చదువుకుంటున్న మిల్టన్ రెండు సరదా పద్యాలు కూడా రాశాడు.

అంటే ఇందులో తేల్చుకోలేని బాధేమీ లేదు. ఉన్నది ఒక్కటే. రాత్రి పదింటికి హోటల్లో ‘ఏమున్నాయి?’ అని అడిగితే, సర్వరు ఇడ్లీ, పూరీ, పెసరట్టు అన్నీ అప్పజెప్పి, ‘అయిపోయాయి సార్, ఉప్మా ఉంది’ అంటాడే, అదీ హాబ్సన్ బేరం.

‘డిక్షనరీలో నా అర్థం కూడా ఉంది బాబాయ్’ అంది. నిజమే, కొన్నిటిలో చేర్చారు. పదిమందీ తప్పుగా వాడితే నిఘంటువులు ఏం చేస్తాయి పాపం! నేను మాత్రం ఒప్పుకోను. రెండు వైపుల నుంచీ నొక్కుడు ఉంటే దానికి మన అడకత్తెరలో పోకచెక్క ఉంది. మా నాయనమ్మ ఒళ్లో పళ్లెం పెట్టుకుని వక్కలు కత్తిరిస్తుంటే చూసేవాణ్ని. పై రెక్క దిగేటప్పుడు వక్క ఎటూ జారలేదు. అయినా ఈ పిల్లకి అంత కష్టమేం వచ్చింది? ఉద్యోగమూ మంచిదే, చదువూ మంచిదే.

‘పోనీ, సోఫీస్ చాయిస్ అననా?’ అంది. గుండె గుభేలుమంది. స్టైరన్ 1979లో రాసిన ఆ నవలలో, నాజీల ఆష్విట్జ్ శిబిరంలో ఒక తల్లి, ఇద్దరు పిల్లల్లో ఎవరిని బతకనివ్వాలో తానే చెప్పాల్సి వస్తుంది. ఆ మాట తెచ్చి ఉద్యోగానికి రాజీనామా పక్కన పెడతారా ఎవరైనా?

మర్నాడు ఫోన్ చేసి అడిగాను, ‘చివరికి ఏం రాశావే?’ అని.

‘తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టిందని రాశా బాబాయ్.’