పక్షిరాజు పట్టి

భారతము నాదిపర్వమందలి వినత కథ మనమెఱిగినదే. సవతియగు కద్రువకు ముందుగా సంతానము కలుగుట చూచి యోర్వలేక, ఆమె తన రెండు గ్రుడ్లలో నొకదానిని తొందరపడి చిదిపెను. తొడలు లేని యనూరుడు పుట్టెను. రెండవదానిని దీర్ఘకాలము కాచుకొన్న పిమ్మటనే గరుత్మంతు డుదయించెను. అట్టి యోర్పుతో నొక్కొక్క పిల్లనే పెంచు గ్రద్ద యొకటి నేడును భూమిపై కలదు. దానిని గూర్చి యీ మాసము ముచ్చటింపదలచితిమి.

ఫిలిప్పీను దీవులలో లూజాను, సమరు, లేయితె, మిండనావో అను నాలుగింట మాత్రమే యిది నివసించును. పొడవు సుమారు 3 అడుగులు. ఱెక్కలు చాచినచో నించుమించు 7 అడుగులు. కన్నులు నీలిబూడిద వన్నెవి. తలపై జడలవలె నిక్కు నీకలు. ఇంత దేహముండియు మనుజుల కంటబడుట యరుదు. దట్టమైన యాకుల మఱుగున కూర్చుండి, కొమ్మనుండి కొమ్మకు సాగుచు వేటాడుట దీని యలవాటు. 1896లో జాన్ వైట్‌హెడ్ అను నాంగ్లేయుడు సమరు దీవిలో సంపాదించిన పక్షివలన శాస్త్రజ్ఞులకు దీని యునికి తెలిసెను. కోతులను తినునని యచటివారు చెప్పగా ఆ పేరే పెట్టిరి. కాని మిండనావోలో దీనికి ముఖ్యాహారము చెట్టునుండి చెట్టునకు గాలిలో జాఱుచు పోవు కొలుగో యను జంతువు; పునుగుపిల్లులను, ఉడుతలను, పాములను గూడ తినును. 1978లో ఆ దేశప్రభుత్వము పాతపేరు మాన్పించి 'ఫిలిప్పీను గ్రద్ద' యని నిర్ణయించెను. 1995లో జాతీయపక్షిగా ప్రకటించెను. అచటి భాషలో దీనిని 'హారింగ్ ఇబోన్' అందురు, పక్షిరాజని యర్థము.

దీని సంసారము మిక్కిలి ముచ్చటైనది. మహావృక్షముల పైకొమ్మలలో గూడు కట్టి, రెండేండ్లకొక్కటే గ్రుడ్డు పెట్టును. సుమారు రెండు నెలలు పొదుగవలెను. తల్లి యెక్కువకాలము పొదుగుచుండ తండ్రి యాహారము తెచ్చును. నడుమ నడుమ తానును గ్రుడ్డుపై కూర్చుండి యామెకు విరామ మిచ్చును. పిల్ల నాలుగైదు నెలలకు గూడు విడిచినను, ఏడాదికి పైగా తల్లిదండ్రుల పోషణముననే యుండును. ఇట్టి యొక్క కుటుంబము బ్రదుకుటకు వేలకొలది యెకరముల యడవి కావలెను.

ఆ యడవియే తఱిగిపోవుచున్నది. కలపకొఱకును సేద్యముకొఱకును చెట్లు కూల్చిరి; తుపాకికి బలియైన పక్షులును కలవు. నేడు మిగిలినవి సుమారు 400 జంటలని పండితుల యంచనా. ఒక్క పిల్ల చచ్చిన నొక జంట రెండేండ్ల కష్టము మంట గలిసినట్లే. దవావో నగరమందలి సంరక్షణాలయమున 1992లో మనుష్యుల పోషణమున తొలిపిల్ల పుట్టగా దానికి 'పగాస', అనగా ఆశ, యని పేరిడిరి. అది 2021లో మరణించినను ఆ ప్రయత్నము సాగుచునే యున్నది.

గ్రుడ్డును కాచుకొను నోర్పు ఆ పక్షికి పుట్టుకతో వచ్చినది. తరములు పట్టి పెరిగిన చెట్టును నొక్కపూటలో కూల్చు మానవునిదే వినత తొందరపాటు. గరుడుని కథ చెప్పుమని పిల్ల లడిగినపు డీ పక్షిరాజు కథయు చెప్పుడని మా మనవి.