హాలిబట్ నూనె: చేప మంచిదే, మోతాదుతోనే ముప్పు

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడు మూడో నెల. ఇంగ్లండునుంచి వచ్చిన మా ఆడపడుచు 'హాలిబట్ లివర్ ఆయిల్' క్యాప్స్యూళ్ళ సీసా తెచ్చింది. ఒక్కొక్కదానిలో 4,000 యూనిట్ల 'ఎ' విటమిన్ ఉందని సీసామీద రాసి ఉంది. చేపనూనే కదా, బిడ్డకు బలమని మా అత్తగారు రోజుకు నాలుగు వేసుకోమన్నారు. వారం రోజులనుంచి వేసుకుంటున్నాను. ఇదేం చేప? ఈ నూనె వాడవచ్చునా?
— ఒక సోదరి, తణుకు

జవాబు: వాడవద్దమ్మా. ఈ రోజే మానెయ్యండి. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ చేప సంగతి తెలియాలి.

హాలిబట్ మన సముద్రాల చేప కాదు. చన్నీటి చేప. నార్వే, ఐస్‌లాండ్ వైపు ఉత్తర అట్లాంటిక్‌లో ఒక జాతి, అలాస్కా, కెనడా పశ్చిమతీరం వైపు ఉత్తర పసిఫిక్‌లో మరొక జాతి ఉన్నాయి. మన తూర్పుతీరంలో పడే ఒక చేపను 'ఇండియన్ హాలిబట్' అంటారు గాని, అది పేరుకే. దాని కుటుంబం వేరు.

బల్లపరుపు చేపలన్నిటిలోనూ హాలిబట్టే పెద్దది. ఆడచేప మనిషిని మించిన పొడవుతో, 200 కిలోలకు పైగా పెరగగలదు. మగచేప అంత పెరగదు. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే దీనికీ చెరోపక్క ఒక కన్ను ఉంటుంది. సుమారు ఆరు నెలలకు ఎడమకన్ను నెత్తిమీదుగా జరిగి కుడికన్ను సరసకు చేరుతుంది. అక్కడినుంచి ఎడమపక్కను నేలకు ఆనించి సముద్రపు అడుగునే కాపురం. పైవైపు బురదరంగు, కిందివైపు తెలుపు. ఇసుకలో పడుకుంటే పోల్చుకోవడం కష్టం. చలికాలంలో వందల మీటర్ల లోతుకు దిగి లక్షలకొద్దీ గుడ్లు పెడుతుంది. వేసవిలో మేతకోసం లోతు తక్కువ నీటికి వస్తుంది. పసిఫిక్ ఆడచేప ఈడుకు రావడానికి దాదాపు 12 ఏళ్ళు పడుతుంది. 50 ఏళ్ళు దాటి బతికినవీ ఉన్నాయి. ఇంత నిదానంగా పెరిగే చేపను ఇష్టం వచ్చినట్టు పడితే తరిగిపోతుందని అమెరికా, కెనడా 1923లోనే ఒప్పందం చేసుకుని సంయుక్త సంఘాన్ని ఏర్పాటు చేశాయి.

ఇప్పుడు అసలు విషయం. 'ఎ' విటమిన్‌కు మూలమైన పదార్థం సముద్రంలోని సూక్ష్మమైన నాచులో పుడుతుంది. నాచును చిన్న జీవులు, వాటిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు తింటాయి. ఆ పెద్దచేపల్ని, పీతల్ని తినేది హాలిబట్. ఏళ్ళ తరబడి తిన్నదంతా దాని కాలేయంలో నిలవ చేరుతుంది. అందుకే దాని కండలో 'ఎ' విటమిన్ స్వల్పం, కాలేయపు నూనెలో మెండు. కాడ్ లివర్ ఆయిల్‌కంటే ఇది ఎన్నో రెట్లు గాఢమైనది. అంటే ఇది ఆహారం కాదు, మందు.

మీరు వేసుకుంటున్నది రోజుకు 16,000 యూనిట్లు. గర్భిణికి కావలసింది సుమారు 3,000 మాత్రమే. కాలేయంనుంచి వచ్చే ఈ తయారు విటమిన్ రోజుకు 10,000 యూనిట్లు దాటితే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, బిడ్డకు అవయవ లోపాలు కలిగే ప్రమాదం ఉంది. ఈ భయంతోనే 1990లో బ్రిటిష్ ప్రభుత్వం గర్భిణులను ఇలాంటి మాత్రలకు, కాలేయపు కూరకు దూరంగా ఉండమన్నది. గర్భిణులు కానివారికైనా చాలాకాలం మితిమీరి వాడితే తలనొప్పి, వాంతులు, జుట్టు ఊడటం, కాలేయం చెడటం తప్పవు.

వారం వాడినంతమాత్రాన బిడ్డకు లోపం వచ్చితీరుతుందని బెంగపడకండి. సీసా తీసుకుని మీ డాక్టరుగారికి చూపించండి. మీరు వేసుకునే ఇతర టానిక్కుల్లో 'ఎ' విటమిన్ ఉందేమో కూడా చూడమనండి. అయిదో నెలలో చేసే స్కానింగు తప్పించుకోవద్దు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం మానవద్దు.

తోటకూర, మునగాకు, క్యారెట్ తినండి. వాటిలోని పదార్థాన్ని శరీరం తనకు కావలసినంతే 'ఎ' విటమిన్‌గా మార్చుకుంటుంది, కనుక ఈ ముప్పు లేదు. చేపలు తినే అలవాటుంటే బాగా ఉడికించిన చిన్నచేపలు మేలు. మీ అత్తగారి ప్రేమను తప్పుపట్టను. ఈ జవాబు ఆమెకు చదివి వినిపించండి.